పిలిస్తే వచ్చే కోడి

ఎనభై తొమ్మిది ఎండాకాలమంతా మా ఇంట్లో అందరం మామయ్య నోటివైపు చూస్తూ బతికాం.

శివరాత్రి వెళ్ళిన కొద్దిరోజులకు, దుకాణంలో గిరాకీకి చీర విప్పి చూపిస్తూనే ఆయన ఆ చీర మీదికి ఒరిగిపోయారు. హైదరాబాదు దవాఖాన నుంచి ఇంటికి తెచ్చేసరికి కుడిచేయి వేలాడుతోంది, కుడికాలు ఈడుస్తున్నారు, మాట పూర్తిగా పోయింది. సిద్దిపేట బజారులో నాగేశం సేటు గొంతు నాలుగు దుకాణాల అవతలికి వినపడుతుందని చెప్పుకునేవాళ్ళు. పెళ్ళై వచ్చిన కొత్తలో ఆ గొంతుకు భయపడి నేను వంటింట్లోంచి బయటికి వచ్చేదాన్ని కాదు. ఇప్పుడు అందులోంచి ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు.

మాట చచ్చిపోలేదనీ, రోజూ పలికిస్తూ ఉంటే తిరిగి రావచ్చనీ డాక్టరు చెప్పాడు. దాంతో పలికించడం మా ఇంటి పని అయింది. పొద్దున పూజ కాగానే అత్తమ్మ విమలమ్మ ఆయన ముందు పీట వేసుకుని కూర్చుని, 'రా' అనమని, 'మ' అనమని బతిమాలేది. రాత్రి దుకాణం కట్టేసి వచ్చాక మా ఆయన హరికిషన్ చెంబో, గొడుగో ఎత్తి చూపించి, ఇదేంది బాపూ అని చిన్నపిల్లాడిని అడిగినట్టు అడిగేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఉప్మా పళ్ళెం చేతిలో పెట్టుకుని, ఏం తింటారని అడిగి, జవాబు రాదని తెలిసీ నిలబడేదాన్ని. అడిగిన ప్రతిసారీ ఆయన ముఖంలో ఏదో బయల్దేరి పెదవుల దాకా వచ్చేది. మేం కాచుకుని ఉండడం చూసి వెనక్కి పోయేది. మెడ నరాలు ఉబ్బేవి, నుదురు చెమర్చేది. చివరికి ఆయన గోడవైపు తిరిగేవారు. మనం చూస్తున్నంతసేపూ ఆ మాట రాదేమోనని నాకు అనిపించేది. కానీ చూడడం మానేస్తే ఆశ వదులుకున్నట్టు అవుతుంది. అందుకని అందరం చూస్తూనే ఉన్నాం.

ఉగాది తర్వాత ఒక మధ్యాహ్నం మిరుదొడ్డి నుంచి కిష్టవ్వ వచ్చింది. నేను కాపురానికి రాకముందు నుంచీ ఏటా మా ఇంటికి చింతపండు, సీతాఫలాలు తెచ్చే మనిషి. ఈసారి నెత్తిమీద గంప, గంపలో కాళ్ళు కట్టేసిన మూడు కోళ్ళు. వెనక వసారాలో మామయ్య కుర్చీ పక్కన కింద కూర్చుని, ఆయన పడిపోయిన చేతిని చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తన బాధ చెప్పింది. ఊళ్ళో కోళ్ళకు కొక్కెర రోగం తగిలిందట. సాయంత్రం గింజలు తిన్న కోడి తెల్లారేసరికి మెడ వాల్చేస్తోందట. అట్లాంటప్పుడు బతికున్న వాటిని వేరే ఊళ్ళో చుట్టాల ఇంటికి పంపడం వాళ్ళ అలవాటు. కానీ ఈ ఏడు చుట్టాల ఊళ్ళలోనూ అదే రోగం.

"శ్రావణం దాక మీ పెరట్ల ఉండనీ అమ్మా," అంది అత్తమ్మతో.

అత్తమ్మ రెండడుగులు వెనక్కి జరిగింది. "మా ఇంట్లనా? కోమటోళ్ల ఇంట్ల కోళ్ళు పెడుతవా కిష్టవ్వా? నలుగురు వింటే నవ్వుతరు."

"తినేటోళ్ళ ఇంట్ల పెడితే దావతయితదమ్మా. మీరు తినరనే గద ఇంత దూరం తెచ్చిన."

ఇరవై ఏళ్ళ చింతపండు మొహమాటం అత్తమ్మను కాదననివ్వలేదు. తులసి గద్దె దగ్గరికి రాకుండా చూసుకోవాలని మాత్రం అంది.

కిష్టవ్వ కోళ్ళను ఒక్కొక్కటిగా బయటికి తీసింది. ఒకటి ఎర్రది, ఒకటి బూడిద రంగుది, మూడోది నల్లది. నల్లదాని ఈకలు ఎండలో కొంచెం ఆకుపచ్చగా మెరుస్తున్నాయి.

"గీ నల్లది పోచమ్మది," అంది. "మా మనుమరాలికి తట్టు పోసి కండ్లు తెర్వకపోతే, గీ కోడిని గుడికాడికి తీస్కపోయి అమ్మకు మొఖం చూపెట్టి మొక్కిన. పిల్ల కండ్లు తెర్సింది. శ్రావణంల దీన్ని కొయ్యాలె. మిగిలిన రెంటికి ఏమన్న అయితే అయింది గని, దీనికయితే నాకు మొఖముండది బిడ్డా."

చివరి మాట నాతో అంది. ఇదంతా మామయ్య కుర్చీకి బారెడు దూరంలోనే చెప్పింది. ఆయన విన్నారు. విన్నదాంట్లో ఎంత లోపలికి పోయిందో ఆ రోజుల్లో మాకెవరికీ తెలిసేది కాదు.

పోయేముందు ఇంకో మాట గట్టిగా చెప్పింది. వారం దినాలు గంప కిందనే ఉంచాలట. కొత్త జాగ తమదని తెలిసేదాకా వదలకూడదట. ఆ తర్వాత కూడా పొద్దుగూకగానే గంప కింద కమ్మాలట. అలవాటు తప్పితే చేతికి రావని చెప్పి బస్సుకు పోయింది.

ఆ గంప ఒక్కరోజే ఉంది. బోర్లించిన గంప కింద అవి రెక్కలు కొట్టుకుంటూ అరుస్తుంటే అత్తమ్మకు పూజ సాగలేదు. మా ఆయనకు అన్నం సయించలేదు. మా వంశంలో ఎవరూ ఒక ప్రాణిని దేనికిందా పెట్టి ఎరగరు. గంప లోపల చీకట్లో కోడి శాంతిస్తుందనీ, ఆ చీకటే దానికి ఇల్లవుతుందనీ కోళ్ళను పెంచినవాళ్ళకు తెలుస్తుంది. మాకు దాని అరుపు ఒక్కటే తెలిసింది. మర్నాడు సాయంత్రం మామయ్య ఎడమచేత్తో కుర్చీ చేతిని కొట్టడం మొదలుపెట్టారు. ఏం కావాలో అర్థం కాక నీళ్ళిచ్చాం, దుప్పటి తెచ్చాం. ఆయన చూపు గంప మీద ఉందని అత్తమ్మే కనిపెట్టింది.

"తియ్యి కిషన్," అంది. "పాపం కొడుతది. మూసి పెట్టినట్టు ఉంటే ఎట్లుంటదో ఇంట్ల ఒకలను చూస్తలేమా?"

మా ఆయన గంప ఎత్తాడు. కోళ్ళు మూడూ ఒక క్షణం అక్కడే నిలబడ్డాయి. తర్వాత పెరడంతా వాటిదైంది. మల్లెపాదు, బట్టలు ఉతికే బండ, బావిగట్టు, కొత్తిమీర మడి, అన్నీ తిరిగి చూశాయి. చీకటి పడేసరికి నిమ్మచెట్టు ఎక్కి కూర్చున్నాయి. గంప కిందికి మళ్ళీ రమ్మంటే వచ్చేవి కావవి. పట్టుకోబోతే మాకు పట్టే తీరు తెలిసేది కాదు, వాటికి రెక్కలుండేవి. రెండు రోజుల తర్వాత ఎర్రకోడి ప్రహరీ దాటింది. అవతల సందులో కుక్కల అరుపు వినిపించింది. మా ఆయన కర్ర పట్టుకుని పరిగెత్తే సమయానికి సందులో ఈకలు మాత్రమే ఉన్నాయి. పోయింది ఎర్రది కాబట్టి సరిపోయిందన్న ఆలోచన అందరిలోనూ ఉంది. అది పైకి అనడానికి సిగ్గు.

మిగిలిన రెండూ ఎందుకో గోడ జోలికి పోలేదు. అత్తమ్మ కొత్తిమీర మడిని మాత్రం రోజూ తవ్విపోసేవి. ఆమె వాటిని తిట్టే తిట్లు వింటే, ఆయన పడిపోయినప్పటి నుంచి ఇంట్లో లేని సందడి మళ్ళీ వచ్చినట్టుండేది. ఒకరోజు మల్లెపాదులో గుడ్డు కనపడింది. దాన్ని ముట్టుకునేదెవరు? అత్తమ్మ మడి బట్టల్లో ఉంది. నేను కాళ్ళు కడుక్కుని వచ్చాను. ఇద్దరం గుడ్డుకు అటూ ఇటూ నిలబడి ఒకరి ముఖం ఒకరం చూసుకుంటుంటే, మామయ్య కాలీడ్చుకుంటూ వచ్చి, జామచెట్టు పట్టుకుని వంగి, ఎడమచేత్తో ఆ గుడ్డును తీసుకున్నారు. కుర్చీలో కూర్చున్నాక కూడా దాన్ని చాలాసేపు అరచేతిలో పెట్టుకున్నారు. దాని వెచ్చదనం ఆయనకు కొత్త అయి ఉంటుంది. అంట్లు తోమే రాములవ్వ వచ్చి చేయి చాపితే చాలా మర్యాదగా ఇచ్చేశారు. అప్పటినుంచి గుడ్లు ఏరడం ఆయన పని, తీసుకుపోవడం రాములవ్వ పని. గుడ్డు తీసిన చేతిని కడిగించడం అత్తమ్మ పని.

ఆ శబ్దాన్ని నేను మొదట విన్నది వైశాఖంలో. మధ్యాహ్నం, కరెంటు లేదు. అత్తమ్మ నిద్రపోతోంది. నేను వంటింటి కిటికీ దగ్గర బియ్యం చెరుగుతున్నాను. రాళ్ళు తీసి, నూకలు వేరు చేసి వసారాలో గిన్నెలో పెట్టి వచ్చాను. కొంచెంసేపటికి బయట ఎవరో కోళ్ళను పిలుస్తున్నట్టు వినపడింది.

"బో... బో... బో..."

రాములవ్వ అలాగే పిలిచేది. ఆమె వచ్చే వేళ కాదది. కిటికీలోంచి చూశాను. మామయ్య నూకలు విసురుతున్నారు. ఆయన పెదవులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. మధ్యలోంచి శబ్దం వస్తోంది. బూడిద కోడి దూరంగా నిలబడి తింటోంది. నల్లది ఆయన కాళ్ళ దాకా వచ్చి, మెడ పక్కకు వంచి, ఆయన్ని ఒక కన్నుతో చూస్తోంది. ఎవరూ అడగని మాట అది. తప్పు పలికినా నవ్వేవాళ్ళు లేరు, సరిగా పలికితే ఏడ్చేవాళ్ళూ లేరు. కోడి నూకల కోసం వచ్చింది, అంతే. నేను చేట కింద పెట్టకుండా, శ్వాస కూడా మెల్లగా తీసుకుంటూ నిలబడ్డాను.

ఎవరికీ చెప్పకుండా దాచుకోవాలనిపించింది. కానీ ఇల్లు అట్లా దాచుకోనిస్తుందా? నాలుగు రోజుల్లో అత్తమ్మే విన్నది. విని, దేవుని అర్రలోకి పోయి తలుపేసుకుంది. ఆయనకు మాట వస్తే వేములవాడ రాజన్న గుడి చుట్టూ కోడెను తిప్పి కడతానని ఆమె మొక్కుకుని ఉంది. రాత్రి భోజనాల దగ్గర అదే పెద్ద చర్చ. మా ఆయన రేపే వేములవాడ పోదామన్నాడు. అత్తమ్మ సందేహంలో పడింది.

"కోళ్ళను పిలిచినందుకు కోడె కడుతరార? అది మాటనా? దేవుడు ఏమనుకుంటడు?" అంది.

మా ఆయన ఆనందం ఇంట్లో ఇమడలేదు. బజారులో చెప్పాడు. పక్క దుకాణాల వాళ్ళు, దూరపు బంధువులు పళ్ళు పట్టుకుని రావడం మొదలైంది. మామయ్య చుట్టూ చేరి, ఒక్కసారి పిలువున్రి సేటూ అని అడిగేవాళ్ళు. నూకల గిన్నె ఆయన ఒడిలో పెట్టేవాళ్ళు. ఆయన మెడ నరాలు మళ్ళీ ఉబ్బాయి. మళ్ళీ గోడవైపు తిరిగారు. చాలారోజులు ఆ శబ్దం కూడా పోయింది. జనం రావడం మానేశాక, మేమూ పెరట్లోకి చూడడం మానేసినట్టు నటించడం నేర్చుకున్నాక, ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఈసారి నల్లకోడి ఆయన ఒడిలోకి ఎగిరింది. రోజూ ఆ వేళకు వచ్చి కూర్చునేది. ఆయన ఎడమచేయి దాని వీపు మీద ఉండేది. శబ్దం మాత్రం రోజుకో రకంగా మారుతోంది. ఒకరోజు పొడుగ్గా, ఒకరోజు చిన్నగా, ఒక్కోసారి చివర్లో ఇంకేదో అక్షరం తగిలించినట్టుగా. లోపల మూతపడ్డ దారిలో ఎక్కడో చిన్న సందు పడుతోందనీ, దాన్ని మేం కదిలించకూడదనీ నాకు గట్టిగా అనిపించేది.

తొలకరి పడింది. ఆషాఢం వచ్చింది. ఇంట్లో ఎవరం శ్రావణం మాట ఎత్తేవాళ్ళం కాదు. చివరికి మా ఆయనే ఉండబట్టలేక మిరుదొడ్డి పోయాడు. దాని బదులు ఇంకో నల్లకోడిని, కావాలంటే రెండు కోళ్ళను కొనిస్తానని అడగడానికి. చీకటి పడ్డాక తిరిగొచ్చి చెప్పులు విప్పకుండా అరుగుమీదే కూర్చున్నాడు. కిష్టవ్వ కోపం చేయలేదట. ఛాయ పెట్టిందట. మనుమరాలిని పిలిచి చూపించిందట. అమ్మకు మొఖం చూపించిన కోడి కాబట్టి ఇంకోటి చెల్లదని, తన చేతిలో ఏమీ లేదని చెప్పిందట.

"ఆ పిల్ల నా ముంగట్నే ఆడుకుంటున్నది కన్యకా. ఇగ నేనేమనాలె?" అన్నాడు.

అత్తమ్మ ఏమైనా దారి చూపిస్తుందని నేను ఆమెవైపు చూశాను. దేవుళ్ళ లెక్కలు ఆమెకే తెలుసు. ఆమె కొంగు అంచు నలుపుతూ కూర్చుంది.

"ఆమె మొక్కు నేను చెడగొడితే నా మొక్కు ఎవరు వింటరు?" అంది.

శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున కిష్టవ్వ, ఆమె కొడుకు దుబ్బయ్య వచ్చారు. ఆమె పసుపు చీర కట్టుకుంది. ఎర్రకోడి సంగతి చెబితే, గంప కింద లేకపోయె గదా అని మాత్రం అంది. మామయ్యకు దండం పెట్టి పెరట్లోకి దిగింది.

పట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. గంప ఎరగని కోడి అది. దుబ్బయ్య మల్లెపాదు దగ్గర వంగితే బండ మీదికి ఎగిరింది. బండ దగ్గరికి పోతే నిమ్మచెట్టు ఎక్కింది. అతను చెట్టెక్కితే కొమ్మల్లోంచి దూకి బావిగట్టు మీద పడింది. మా ఆయన తెల్ల బట్టల్లో, రెండు చేతులూ చాచి, పట్టుకోవాలనో తప్పించుకోనివ్వాలనో తెలియనట్టు అటూ ఇటూ అడుగులేస్తున్నాడు. అత్తమ్మ గడపలో నిలబడి మెల్లగా, మెల్లగా అంటోంది. నేను కొత్తిమీర మడి దగ్గర నిలబడ్డాను. అది నా కాళ్ళ పక్కనుంచి పోయినప్పుడు చీర కుచ్చిళ్ళకు దాని రెక్క తగిలింది. నేను వంగలేదు, దారీ ఇవ్వలేదు. ఊరికే నిలబడ్డాను.

చివరికి అది ప్రహరీ ఎక్కింది. నోరు తెరిచి రొప్పుతోంది. అలికిడికి గోడ అవతల కుక్కలు చేరాయి. దుబ్బయ్య ఇటునుంచి కర్ర అందుకున్నాడు. అది ఒకసారి అటు చూసింది, ఒకసారి ఇటు చూసింది.

"బో. బో. బో."

మధ్యాహ్నాల్లో వినే గొంతు కాదది. ఒకప్పుడు నాలుగు దుకాణాల అవతలికి వినపడిన గొంతు. మేం ఉన్నచోటే ఆగిపోయాం. దుబ్బయ్య కర్ర దించాడు. కోడి గోడమీంచి లోపలికి దూకి, మా మధ్యలోంచి, ఎవరూ లేనట్టుగా నడుచుకుంటూ పోయి, మామయ్య ఒడిలోకి ఎగిరింది. దాన్ని ఆపడానికి పిలిచారో, మమ్మల్ని ఆపడానికి పిలిచారో, మా అందరి ముందూ ఆ గొంతు ఎట్లా వచ్చిందో నేను ఈనాటికీ చెప్పలేను. ఆయన ముఖంలో ఏమీ కనపడలేదు. చేయి దాని వీపు మీద ఉంది. వేళ్ళు ఈకల్లోకి దిగి ఉన్నాయి.

కిష్టవ్వ పోయి లాక్కోలేదు. కొడుకును దూరంగా ఉండమని సైగ చేసి, కోళ్ళు తెచ్చిననాడు కూర్చున్న చోటే కుర్చీ పక్కన కింద కూర్చుంది. ఆయన పడిపోయినప్పటి నుంచి ఆయనతో మాట్లాడుతూ ఆయన నోటివైపు చూడనిది ఆమె ఒక్కతే. కోడినే చూస్తూ మాట్లాడింది.

"సేటూ, నా మనుమరాలు కండ్లు తెర్సింది. నేను మాటిచ్చిన. నువ్వు దుకాణం నడిపినోనివి, మాటిచ్చుడంటే నీకు ఎర్కనే."

అంతే అంది. తర్వాత కోడివైపు చేయి చాచకుండా కూర్చుంది. గోడ అవతల కుక్కలు కూడా వెళ్ళిపోయాయి.

మామయ్య ఎడమచేయి ఎత్తారు. దాని వీపు మీదనుంచి, ఒడి మీదనుంచి పైకెత్తి, అట్లాగే గాల్లో ఉంచారు. పట్టు వదిలిందని కోడికి తెలిసింది. ఒళ్ళు ఒకసారి విదిలించుకుంది. ఇప్పుడు ఎగురుతుందని నేను అనుకున్నాను. అనుకోవడం కాదు, మొక్కుకున్నాను. అది కాళ్ళు మడిచి ఆయన ఒడిలో ఇంకొంచెం సర్దుకుని కూర్చుని, కళ్ళు సగం మూసింది.

కిష్టవ్వ దాన్ని రెండు చేతులతో మెల్లగా తీసుకుని చంకలో పెట్టుకుంది. అది అరవలేదు. గడప దాటేముందు వెనక్కి తిరిగి, "గా బూడిదది మీకాడనే ఉండనీ సేటూ. దాని మీద ఎవ్వల మొక్కు లేదు," అంది.

అంత గొంతు విన్నా, ఆ రోజు వేములవాడ మాట అత్తమ్మ ఎత్తలేదు.

దసరా నాటికి మామయ్యకు కొన్ని మాటలు వచ్చాయి. ముందు 'నీళ్ళు', తర్వాత 'చాలు', ఆ తర్వాత నా పేరులో సగం. డాక్టరు సంతోషించాడు. కార్తీకంలో వేములవాడ పోయి కోడె కట్టి వచ్చాం. తాడు ఒక కొస ఆయన ఎడమచేతిలో పెట్టి గుడి చుట్టూ నడిపించాం. అత్తమ్మ మొక్కు తీరింది.

బూడిద కోడి మా పెరట్లోనే మూడేళ్ళు బతికింది. దాన్ని రాములవ్వ పిలిచేది, ఆమె రానినాడు నేను పిలిచేదాన్ని. అడిగితే మామయ్య అప్పటికి చాలా మాటలు పలికేవారు. ఆ శబ్దం మాత్రం మళ్ళీ ఆయన నోట వినలేదు. మధ్యాహ్నం వేళ, ఎండ వసారాలోకి జరిగినప్పుడు, అది నూకలు వెతుక్కుంటూ ఆయన కాళ్ళ దగ్గరికి వచ్చేది. అది దగ్గరికి రాగానే ఆయన ఎడమచేయి ఒడిలోంచి పైకి లేచేది. అది వెళ్ళిపోయేదాకా అట్లా గాల్లోనే ఉండేది.